అత్యవసర చికిత్సాలయములో నిరీక్షణ: కారణములు, నివారణోపాయములు

కాలము విలువ అన్నిచోట్ల ఒకే తీరుగా నుండదు. రైలుబండి కొరకు వేచియున్నవానికి ఒక గంట ఆలస్యము విసుగు మాత్రమే కలిగించును. ఆసుపత్రి గుమ్మమువద్ద ఊపిరి అందక వేచియున్నవానికి అదే గంట ప్రాణముతో సమానము. అందుచే అత్యవసర చికిత్సా విభాగములో, అనగా మన జనులు వాడుకగా 'క్యాజువాలిటీ' అని పిలుచు చోట, రోగి ఎంతసేపు వేచియుండవలసి వచ్చుచున్నది, ఎందుకు వేచియుండవలసి వచ్చుచున్నది అను ప్రశ్నలు వైద్యులకు మాత్రమే సంబంధించినవి కావు. ఏదో ఒక రాత్రి మనలో ప్రతి ఒక్కరును ఆ గుమ్మమువద్ద నిలువవలసియుండును.

మేము గణితశాస్త్ర విద్యార్థులము. ఈ విషయమును అధ్యయనము చేయుటకు మమ్ము పురికొల్పినది ఒక రాత్రి అనుభవము. గత సంవత్సరము వర్షాకాలములో మా హాస్టలు మిత్రుడొకడు కడుపునొప్పితో మెలికలు తిరుగుచుండగా, మేము కొందరము అతనిని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయితిమి. రాత్రి పదిన్నర గంటలకు అచటికి చేరితిమి. చీటీ వ్రాయించుకొనుటకు అరగంట పట్టెను. తరువాత యువ వైద్యుడొకరు శ్రద్ధగా పరీక్షించి, అపెండిక్సు వాపుగా కనబడుచున్నదనియు, వెంటనే శస్త్రచికిత్స వార్డులో చేర్చవలెననియు కాగితముపై వ్రాసిరి. అప్పటికి పదకొండున్నర అయినది. కాని వార్డులో మంచము ఖాళీ లేదు. మరునాటి ఉదయము ఎనిమిది గంటల వరకు మా మిత్రుడు స్ట్రెచరుపైననే యుండెను.

మేము మొదట ఆ యువ వైద్యుని నిందించితిమి. తరువాత చీటీ వ్రాసిన గుమాస్తాను నిందించితిమి. ఉదయము వార్డులోనికి వెళ్ళిన పిమ్మట అసలు సంగతి తెలిసినది. ఇంటికి వెళ్ళవచ్చునని ముందునాటి ఉదయముననే వైద్యులు చెప్పిన ఇద్దరు రోగులు ఆ రాత్రియంతయు అచటనే పరుండియుండిరి. ఒకరి కాగితములపై సంతకము కాలేదు. మరొకరిని తీసికొనిపోవుటకు ఊరినుండి బంధువులు రాలేదు. మా మిత్రునికి శస్త్రచికిత్స చేయునప్పటికి అపెండిక్సు పగిలియుండెను. అది ఎప్పుడు పగిలినదో ఎవరును చెప్పజాలరు. అతడు కోలుకొని నేడు మాతోపాటు చదువుచున్నాడు. కాని ఆ తొమ్మిదిన్నర గంటలలో చికిత్సకు పట్టిన కాలమెంత, ఊరక గడచిన కాలమెంత అని లెక్కవేసినపుడు మాకు ఒక సత్యము బోధపడినది. రోగి గుమ్మమువద్ద నిలిచియున్నను, అతనిని నిలిపివేసిన అడ్డు చాలసార్లు గుమ్మమువద్ద ఉండదు. లోపల ఎక్కడనో ఉండును. ఈ వ్యాసములో మేము నిరూపింపదలచిన విషయ మిదియే.

నిరీక్షణ యొక్క భాగములు

నిరీక్షణ యనునది ఒక్క ముద్ద కాదు. అది అయిదు భాగములుగా నుండును. రోగి వచ్చినది మొదలు అతని పరిస్థితి ఎంత తీవ్రమో ఎవరైనను చూచువరకు ఒకటి. వైద్యుడు పరీక్షించువరకు రెండవది. రక్తపరీక్షలు, ఎక్స్‌రేల ఫలితములు వచ్చువరకు మూడవది. చేర్చుకొనవలెనా, ఇంటికి పంపవలెనా అను నిర్ణయము జరుగువరకు నాలుగవది. చేర్చుకొనవలెనని నిర్ణయించిన తరువాత వార్డులో మంచము దొరకువరకు అయిదవది. ఏ భాగములో ఎంతకాలము పోవుచున్నదో కొలువకుండ 'ఆలస్యము, ఆలస్యము' అని కేకలు వేయుట వలన ప్రయోజనము లేదు. మొదటి నాలుగు భాగములు అత్యవసర విభాగము చేతిలో నున్నవి. అయిదవది ఆసుపత్రి మొత్తము చేతిలో నున్నది.

ఎవరు ముందు?

కిరాణా దుకాణములో ముందు వచ్చినవాడు ముందు. ప్రాణాపాయ స్థలములో ఈ న్యాయము చెల్లదు. నెపోలియను సైన్యములో శస్త్రవైద్యుడైన డొమినిక్ జాన్ లారే, క్షతగాత్రులను వారి పదవిని, హోదాను పాటింపక, గాయము తీవ్రతను బట్టి మాత్రమే చికిత్స చేయవలెనను పద్ధతిని నెలకొల్పెను. సేనానియైనను, సామాన్య సైనికుడైనను గాయమే ప్రమాణము. ఈ విధముగా వేరుపరచుటకు 'ట్రయాజ్' అని పేరు. వేరుచేయుట అను అర్థము గల ఫ్రెంచి పదమునుండి ఇది పుట్టినది.

1990ల మధ్యకాలములో ఇంగ్లండులోని మాంచెస్టరు నగర వైద్యులు రూపొందించిన ట్రయాజ్ విధానములో అయిదు రంగులు కలవు. ఎరుపు గుర్తు గలవానిని తక్షణమే చూడవలెను; నారింజ రంగువానిని 10 నిమిషములలో, పసుపువానిని 60 నిమిషములలో, ఆకుపచ్చవానిని 120 నిమిషములలో, నీలము రంగువానిని 240 నిమిషములలో చూడవలెను. మన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు మన దేశపు రద్దీకి తగినట్లుగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అను మూడు రంగుల విధానమును రూపొందించిరి.

ఇట్టి విభజన ఎందుకనగా, కొన్ని వ్యాధులకు గడియారముతో పని కలదు. ఛాతీనొప్పితో వచ్చినవానికి 10 నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనని వైద్యుల నియమము. మెదడులో రక్తనాళము మూసికొనిపోయి పక్షవాతము వచ్చినవారికి గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఆ గడువు దాటిన పిదప మంచికంటె చెడుగు ఎక్కువ కావచ్చును. వేలు తెగినవాడు రెండు గంటలు ఆగగలడు, వీరు ఆగజాలరు.

కాని ఇచట ఒక విషయము గమనింపవలెను. ట్రయాజ్ వలన మొత్తము నిరీక్షణ తగ్గదు. ఎవరు వేచియుండవచ్చునో, ఎవరు వేచియుండరాదో అది నిర్ణయించును. అది న్యాయము చేయును గాని, వరుసను కుదించదు. వరుసను కుదించుటకు గణితమును ఆశ్రయింపవలెను.

వరుసల గణితము

వరుసల శాస్త్రము వైద్యశాలలో పుట్టలేదు. టెలిఫోను కార్యాలయములో పుట్టినది. డెన్మార్కు దేశములో కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు, ఎన్ని తీగలున్నచో పిలుపులకు ఆటంకము కలుగకుండునో తెలిసికొనుటకై 1909లో ఈ విషయముపై తన తొలి వ్యాసమును ప్రకటించెను. ఆ శాస్త్రమునుండి ఒక చిన్న లెక్కను చూతము.

ఒక వైద్యుడు ఒక్కొక్క రోగిని సగటున 10 నిమిషములు చూచుననుకొందము. రోగులు గంటకొట్టినట్లు క్రమముగా రారు. ఒకప్పుడు నలుగురు ఒక్కసారి వత్తురు, ఒకప్పుడు ఎవరును రారు. ఒక్కొక్కరికి పట్టు సమయము కూడ ఒకే తీరున ఉండదు. ఇట్టి స్థితిలో వైద్యుని కాలములో సగము మాత్రమే పనితో నిండినపుడు, రోగి సగటు నిరీక్షణ 10 నిమిషములు. నూటికి 80 పాళ్ళు నిండినపుడు 40 నిమిషములు. 90 పాళ్ళు నిండినపుడు 90 నిమిషములు. 95 పాళ్ళు నిండినపుడు 190 నిమిషములు!

విద్యార్థులు ఈ లెక్కను మరల మరల చూడవలెనని మా మనవి. 90 నుండి 95కు పని పెరిగినది అయిదు పాళ్ళే. నిరీక్షణ మాత్రము రెట్టింపునకు మించినది. వైద్యుడు సోమరి కాడు. ఇంకను అతనికి నూటికి అయిదు పాళ్ళు తీరిక కలదు. అయినను వరుస వీధివరకు పోవుచున్నది. ఏలయనగా, ఎవరును రానపుడు దొరకిన ఖాళీ నిమిషములను దాచియుంచి, రద్దీ వచ్చినపుడు ఖర్చుచేయుట సాధ్యము కాదు. ధాన్యమును గాదెలో దాచవచ్చును, కాలమును దాచజాలము.

మంచములకును ఇదియే సూత్రము వర్తించును. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము, ఆసుపత్రి మంచములు సగటున 85 శాతము మించి నిండినపుడు అత్యవసర రోగులకు చోటు దొరకని ప్రమాదము కనబడుననియు, 90 శాతము దాటినచో తరచుగా సంక్షోభము తప్పదనియు గణన ద్వారా తెలిపినది. అన్ని మంచములును నిండియుండుట సమర్థతకు గుర్తని భావించు అధికారులకు ఇది కనువిప్పు. అగ్నిమాపక యంత్రము రోజంతయు నీళ్ళు చల్లుచు తిరుగవలెనని మనము కోరము గదా! కొంత ఖాళీ యుండుట వ్యర్థము కాదు, అదియే సంసిద్ధత.

మరియొక సూత్రము జాన్ లిటిల్ అను అమెరికను పండితుడు 1961లో నిరూపించినది. ఒక స్థలములో సగటున నున్న జనసంఖ్య, గంటకు వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు అచట గడపు గంటలతో గుణించిన లబ్ధమునకు సమానము. గంటకు ఆరుగురు రోగులు వచ్చుచు, ఒక్కొక్కరు 4 గంటలు ఉన్నచో, విభాగములో 24 మంది ఉందురు. 3 గంటలకు తగ్గించినచో 18 మంది. వార్డులో మంచము దొరకక 7 గంటలు ఉండవలసి వచ్చినచో 42 మంది. విభాగములో 30 స్ట్రెచర్లు మాత్రమే యున్నచో, మిగిలిన 12 మంది నేలపైనైనను, అంబులెన్సులోనైనను ఉండవలసినదే. వచ్చువారి సంఖ్యలో ఏ మార్పును లేదు, గంటకు ఆరుగురే. జనసమ్మర్దము పుట్టినది బయటినుండి కాదు, లోపలినుండి.

చిన్న చిన్న జబ్బులతో అనవసరముగా వచ్చువారి వలననే రద్దీ యని సామాన్యముగా అందురు. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర ఆసుపత్రులపై 2007లో వెలువడిన అధ్యయనము ఈ అభిప్రాయమును సమర్థింపలేదు. స్వల్పవ్యాధులవారి వలన ఇతరులకు కలుగు ఆలస్యము అత్యల్పమని అందు తేలినది. జలుబుతో వచ్చినవానికి మంచము అక్కరలేదు; అతడు మందుచీటీతో వెళ్ళిపోవును.

ఇంగ్లండు అనుభవము

ఈ విషయములో ఒక దేశమంతయు చేసిన ప్రయోగము ఇంగ్లండులో జరిగినది. అచటి జాతీయ ఆరోగ్య సేవా సంస్థ 2000లో ప్రకటించిన ప్రణాళికలో, 2004 అంతమునకు అత్యవసర విభాగములో ఏ రోగియు 4 గంటలకు మించి ఉండరాదని నియమము చేసిరి. ఆచరణలో 98 శాతమును లక్ష్యముగా పెట్టుకొనిరి. 2010లో దానిని 95 శాతమునకు తగ్గించిరి.

మొదటి ఫలితములు అద్భుతముగా నుండెను. స్ట్రెచర్లపై రాత్రులు గడుపు రోగులు చాలవరకు కనుమరుగైరి. చిన్న గాయములవారికి వేరు వరుస ఏర్పడినది. అంతకంటె ముఖ్యముగా, గడియారము అత్యవసర విభాగములో నున్నను, దాని చప్పుడు పై అంతస్తులలోని వార్డులకు కూడ వినబడెను. మంచము ఖాళీచేయు బాధ్యత ఆసుపత్రి మొత్తముపై పడెను. ఈ నియమము వలన నిరీక్షణయే గాక మరణములు కూడ తగ్గినవని తరువాత ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలతో చూపిరి.

కాని అంకెను కొలుచుట వేరు, రోగిని చూచుట వేరు. 4 గంటలు నిండుటకు ముందు చివరి నిమిషములలో రోగులను హడావిడిగా బయటికి పంపుట పరిశోధకుల కంటబడినది. స్టాఫర్డు ఆసుపత్రిలోని ఘోరమైన లోపములపై 2013లో వెలువడిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక, లక్ష్యముల వెంటబడి రోగి సంరక్షణను మరచుట ఎంత ప్రమాదమో తెలిపినది.

ఆపై మంచములు నిండిపోయినవి. వృద్ధులైన రోగులకు వ్యాధి నయమైనను, ఇంటివద్ద చూచువారు లేక ఆసుపత్రిలోనే మిగిలిపోయిరి. 2015 జూలై తరువాత ఆ 95 శాతము దేశవ్యాప్తముగా మరల అందలేదు. 2022 డిసెంబరులో అది సుమారు 65 శాతమునకు పడిపోయెను. అదే సంవత్సరము ఎమర్జెన్సీ మెడిసిన్ జర్నల్‌లో అచటి 50 లక్షలకు పైగా రోగుల వివరములతో ఒక అధ్యయనము వెలువడినది. వార్డులో మంచమునకై రోగి వచ్చినప్పటినుండి 6 మొదలు 8 గంటలకు మించి వేచియున్న ప్రతి 82 మందికి ఒక అదనపు మరణము కనబడుచున్నదని అందు తెలిపిరి. నిరీక్షణ అసౌకర్యము మాత్రమే కాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇంగ్లండు మనకు నేర్పిన పాఠములు రెండు. గడియారము ఆసుపత్రి అంతటిని కదలించినంతకాలము మేలు జరిగినది. గడియారము మాత్రమే మిగిలి మంచములు మిగులనపుడు, వైద్యులెంత శ్రమించినను అది తిరుగుచునే యున్నది.

నివారణోపాయములు

మొదటిది, అనుభవజ్ఞుడైన వైద్యుడు లోపలి గదిలో గాక గుమ్మమువద్ద ఉండుట. అతడు ఒక చూపులో నిర్ణయింపగలిగిన దానికి క్రొత్తవాడు మూడు పరీక్షలు వ్రాయును.

రెండవది, ముందు చికిత్స, తరువాత చీటీ. పేరు, ఊరు మంచమువద్దనే వ్రాసికొనవచ్చును.

మూడవది, చిన్న గాయములవారికి ప్రత్యేకమైన వరుస. దీని వలన తీవ్రరోగులకు పెద్ద లాభము లేకున్నను, కుట్లు వేయించుకొనవలసినవాడు ఊరక నాలుగు గంటలు కూర్చుండనక్కరలేదు.

నాలుగవది, వైద్యుడు చూచుటకు ముందే శిక్షణ పొందిన నర్సు నియమానుసారము రక్తము తీసి పరీక్షకు పంపుట. ఆ విధముగా రెండు నిరీక్షణలు ఒకదాని వెంట ఒకటి గాక ఒకేసారి నడచును.

అయిదవది, మా అభిప్రాయములో అన్నిటికంటె ముఖ్యమైనది, ఉదయముననే డిశ్చార్జి చేయుట. రోగులు ఇంటికి సాయంకాలము వెళ్ళుచు, క్రొత్తవారు మధ్యాహ్నమునుండియే వచ్చుచున్నచో, నడుమ గంటలలో మంచము కొరత తప్పదు. రోగిని చేర్చుకొన్న నాడే అతడు ఏనాడు వెళ్ళగలడో అంచనావేసి బంధువులకు తెలుపవలెను. మందులకు, కాగితములకు వేచియుండువారికి మంచము బదులు ఒక కూర్చుండు గది యుండవలెను.

ఆరవది, భారమును పంచుకొనుట. అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వైద్యుడు పీటర్ విచెల్లియో ఒక పద్ధతిని ప్రవేశపెట్టెను. అత్యవసర విభాగపు నడవలో పది మంది నిలిచిపోవుటకంటె, ఒక్కొక్క వార్డు నడవలో ఒక్కొక్కరు ఉండుట మేలని ఆయన వాదము. రోగి కంటి ఎదుట ఉన్నపుడు మంచము వేగముగా ఖాళీ యగుట మానవ స్వభావము.

మన దేశములో

మన రాష్ట్రములలో హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు, విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రికి, కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రికి అనేక జిల్లాలనుండి రోగులు వత్తురు. జిల్లా ఆసుపత్రిలో రాత్రివేళ శస్త్రచికిత్స జరిగినచో నగరములో ఒక మంచము మిగులును. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ రోగిని గుమ్మమువరకు వేగముగా తెచ్చినది. గుమ్మము లోపలి కాలమును తగ్గించుట ఇంకను మిగిలియున్న కార్యము. అత్యవసర వైద్యమునకు ప్రత్యేకముగా ఎం.డి. చదువు 2009లో గాని మన దేశములో గుర్తింపు పొందలేదు.

న్యాయస్థానము మాత్రము ముందే మేల్కొన్నది. 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యములో సుప్రీంకోర్టు, పోలీసు విచారణ పేరుతో ప్రమాద బాధితునికి చికిత్స ఆపరాదని తీర్పు చెప్పెను. 1992లో పశ్చిమ బెంగాలులో రైలునుండి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు చేర్చుకొనలేదు. మంచములు లేవను మాటయే పలుచోట్ల సమాధానమైనది. 1996లో సుప్రీంకోర్టు, ఇది రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు భంగమని ప్రకటించి, అతనికి 25,000 రూపాయలు పరిహారము ఇప్పించెను. మంచము లేదనుట ఆనాటినుండి కేవలము ఆసుపత్రి ఇబ్బంది కాదు. పౌరుని హక్కునకు సంబంధించిన ప్రశ్న.

మన కర్తవ్యము

సహవిద్యార్థులారా! మనము మంచములు నిర్మింపజాలము. కాని మన చేతిలో నున్న పనులు కొన్ని కలవు. రోగితో పదిమంది లోపలికి పోకుండుట. వ్యాధి ఎప్పుడు మొదలైనది, ఏ మందులు వాడుచున్నారు, ఏ మందు పడదు అను విషయములను ముందుగానే కాగితముపై వ్రాసియుంచుట. మన బంధువును డిశ్చార్జి చేయుదుమని చెప్పిన ఉదయమున ఆలస్యము చేయక వచ్చి తీసికొనిపోవుట. చివరిది అల్పముగా కనబడును. కాని ఆ మంచము కొరకు క్రింద స్ట్రెచరుపై ఎవరో ఒకరు వేచియుందురని మేము కన్నులార చూచితిమి.

కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపము ఒకటి కలదు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును చదువ, వ్రాయ, మాట్లాడగల విద్యార్థులు వందలకొలది కలరు. చీటీ కిటికీవద్ద ఉర్దూ మాత్రమే తెలిసిన తల్లియు, తెలుగు మాత్రమే తెలిసిన గుమాస్తాయు ఒకరినొకరు అర్థము చేసికొనలేక నిమిషములు పోగొట్టుకొనుట ఆ రాత్రి మేము చూచితిమి. సమీప ఆసుపత్రి అధికారుల అనుమతితో, సాయంకాలమునుండి రాత్రి పది గంటల వరకు ఇద్దరేసి విద్యార్థులు వంతులవారీగా అచట కూర్చుండి, చీటీలు వ్రాయుటకును, దారి చూపుటకును, డిశ్చార్జి అయినవారి ఇండ్లకు ఫోను చేయుటకును తోడ్పడునట్లు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. మొదటి వంతుకు మా పేర్లు మేమే ఇచ్చుచున్నాము.

వరుసలో నిలిచియున్నవాడు తన ముందున్నవాని వీపును మాత్రమే చూడగలడు. వరుస ఎచట ఆగినదో చూడవలసినవారు చదువుకొన్నవారు. ఆ చూపును మన విద్య మనకు ఈయగలదని నమ్ముచున్నాము.